పిలవకుండానే వచ్చేవాళ్ళ ఊరికి

తెనాలిలో మా సేవా సంఘం వాట్సాప్ గ్రూపులో నూట ఎనభైమంది ఉన్నారు. "ఆదివారం పొద్దున ఆరింటికి కాలవ గట్టు బాగుచేద్దాం, రండి" అని పెడితే నూరుమందికి తక్కువ కాకుండా దణ్ణాల బొమ్మలు పెడతారు. గట్టు మీదికి ఏడుగురొస్తారు. ఆ ఏడుగురిలో నేనొకదాన్ని, మా ఆయనొకరు. మిగిలిన అయిదుగురూ ఫోటో అయ్యేదాకా ఉంటారు.

పద్నాలుగేళ్ళుగా ఆ సంఘానికి కార్యదర్శిని నేనే. నా దగ్గర హాజరు పుస్తకం ఉంటుంది. ఎవరు ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి జారుకున్నారో రాస్తాను. ఏడాదికోసారి సభ పెట్టి ఎక్కువ రోజులొచ్చినవాళ్ళకి శాలువా కప్పుతాం, రానివాళ్ళ పేర్లు కూడా అక్కడే చదువుతాను. సిగ్గొస్తే వస్తారని నా నమ్మకం. పద్నాలుగేళ్ళలో ఒక్కరికీ రాలేదు.

పద్మజ మా సంఘంలో నాలుగేళ్ళు పనిచేసింది. పార ఎలా పట్టుకోవాలో దానికి నేర్పింది నేను. భర్తకి బదిలీ అయ్యి శ్రీకాకుళం వెళ్ళిపోయింది, అక్కడో కాలేజీలో లెక్కలు చెబుతోంది. వెళ్ళిన ఏడాదికి మా గ్రూపులో ఫోటోలు పెట్టడం మొదలుపెట్టింది. సముద్రం ఒడ్డు ఊరు, ఫోటో నిండా జనం. ముసలమ్మలు, చంటిపిల్లల తల్లులు, లుంగీలు ఎగ్గట్టిన మగాళ్ళు, అందరి చేతుల్లోనూ ఇసక. నేను లెక్కపెట్టాను. నూట అరవై దాకా వచ్చి ఆపేశాను, కడుపు మండి.

వచ్చే నెల మొదటి ఆదివారం మా సంఘానికి ఎన్నిక. ఈసారి కార్యదర్శిగా కొత్తవాళ్ళుంటే బాగుంటుందని గుసగుసలు నా చెవిన పడుతూనే ఉన్నాయి. ఈలోగా ఎవరో మహానుభావుడు "పద్మజ గారి పద్ధతేమిటో నేర్చుకుందాం" అని గ్రూపులో పెట్టాడు. దానికి తొంభై బొటనవేళ్ళు. మా అధ్యక్షుడు గారు నాకో శాలువా ఇచ్చి, "మీరే వెళ్ళి చూసి రండి సుధ గారూ, మన తరఫున ఆ అమ్మాయికి ఇది కప్పి రండి" అన్నారు.

నేను నేర్చుకోవడానికి వెళ్ళలేదు. అంతమంది ఊరికే రారు, ఎక్కడో ఒక మోసం ఉంటుంది, దాన్ని పట్టుకొచ్చి సభలో పెట్టి నా కుర్చీ నిలబెట్టుకోవాలని వెళ్ళాను. కార్తీక మాసం, పున్నమికి ఇంకా వారం కూడా లేదు.

కొత్తవలస

విశాఖపట్నంలో విజయనగరం బండి అనుకుని కిరండూల్ బండెక్కాను. ఎదురుగా ఖాళీ బుట్టలతో కూర్చున్నావిడ నా మొహం చూసి, "ఏటమ్మా, ఎందాకా?" అంది. చెప్పాను.

"ఇజీనారమా? ఇది కొండ బండి తల్లీ. నువ్విలగే కూకుంటే అరకు సూసొస్తావు. కొత్తవలసలో దిగిపో."

ఆ మాట పెట్టెంతా పాకింది. కొత్తవలస రాగానే నా పెట్టె, సంచి నాకంటే ముందు దిగాయి. ఎవరో అందించారు, ఎవరో పట్టుకున్నారు. దిగాల్సిన అవసరం లేని ఒకాయన కూడా దిగి, ఏ ప్లాట్‌ఫారం మీదికి ఏ బండి వస్తుందో చూపించి, కదులుతున్న పెట్టెలోకి మళ్ళీ ఎక్కేశాడు. నేను పేరడిగేలోపే వెళ్ళిపోయాడు.

పది రూపాయల టీ తాగుతూ బల్ల మీద కూర్చున్నాను. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. మా ఊళ్ళో కుర్చీలు సర్దమని ఇద్దర్ని పిలవాలంటే మూడుసార్లు ఫోన్ చెయ్యాలి. ఇక్కడ నీళ్ళలోనే ఏదో ఉంది, పద్మజ గొప్ప కాదు అనుకున్నాను. ఆ ఆలోచన హాయిగా ఉంది.

చీపురుపల్లి

మా ఆయన కిరాణా కొట్టుకి ఏటా చింతపండు పంపే షావుకారు గారిది చీపురుపల్లి. దారిలో కదా అని రాత్రికి వాళ్ళింట్లో ఉన్నాను. పొద్దున్నే ఆయన కొట్టు తలుపు తీస్తూ పక్క కొట్లవైపు ఓరగా చూశాడు. ఎవరివీ తెరుచుకోలేదు. వెంటనే రెండు బిందెలు తీసుకుని బస్సులాగే చోటికి వెళ్ళి, అక్కడున్న కుండలు కడిగి నీళ్ళు నింపి వచ్చాడు.

వేసవి పోయినా ఆ కుండలు తియ్యరట. ఎవరి వంతు ఏ రోజు, జాబితా ఎవరు రాస్తారు అని అడిగాను.

"జాబితా ఏటమ్మా, మా ఈదిలో ముందు ఎవరు తలుపు తీస్తే కుండలు ఆ రోజు ఆల్లవి."

"మరి కుండలు తప్పించుకుందామని అందరూ ఆలస్యంగా తీస్తే?"

షావుకారు గారు నన్ను జాలిగా చూశారు. "బేరం పోదా అమ్మా?"

లోపల్నుంచి వాళ్ళావిడ నవ్వింది. నాకు పెసర గారెలు, బెల్లం వేసిన పాలు పెట్టింది. గారెలు బాగున్నాయి, కానీ ఆ కుండల సంగతి గొంతులో అడ్డం పడింది. ఇంత తేలికైన ఉపాయం పద్నాలుగేళ్ళలో నాకెందుకు తట్టలేదు? మా వీధిలో చలివేంద్రానికి నేను గళ్ళు గీసి, పేర్లు రాసి, గోడకి అంటించాను. రెండో వారానికి కాగితం ఉంది, కుండలో నీళ్ళు లేవు.

శ్రీకాకుళం

పద్మజ బస్సు దిగేచోటికి ఎదురొచ్చి, నడిరోడ్డు మీద నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. అక్కడే సగం ఓడిపోయాను. తిట్టుకుందామని వెళ్ళినప్పుడు వాళ్ళే మన కాళ్ళకి దణ్ణం పెడితే ఏం చేస్తాం?

నాగావళికి దగ్గర్లో మేడ మీద వాటా. ఉడకబెట్టిన తేగలు పెట్టింది. మా వైపు కట్ట యాభై అంటారు, ఇక్కడ ముప్ఫైకి ఇచ్చారట, పైగా రెండు ఎక్కువ వేశారట. తేగలు ఒలుచుకుంటూ అసలు సంగతి అడిగాను.

"ఆ ఊరికి ఒకటే మంచినీళ్ళ నుయ్యి సుధక్కా. పక్కనే గెడ్డ, అదే మన వాగు, సముద్రంలో కలుస్తుంది. కిందటేడు కార్తీక పున్నమి పోటుకి సముద్రం గెడ్డలోకి ఎగదన్ని నూతిలోకి వచ్చేసింది. రెండు నెలలు ఆడవాళ్ళు మూడు కిలోమీటర్లు నడిచి నీళ్ళు మోశారు. ఈసారి పున్నమిలోగా నూతికీ గెడ్డకీ మధ్య గట్టు కట్టేస్తున్నాం. సరుగుడు కర్రలు పాతి, ఇసక బస్తాలు పేర్చి. ఇంకో నాలుగు రోజుల పనుంది."

"అంతమందిని ఎలా పోగుచేస్తున్నావు?"

"నేనేం చెయ్యట్లేదక్కా. వాళ్ళే వస్తారు."

చేసి కూడా చెయ్యలేదనేవాళ్ళని చూస్తే నాకు మరీ మంట. శాలువా పెట్టెలోనే ఉంచాను. రేపు కప్పుదాం అనుకున్నాను, రేపు కూడా కప్పనని నాకు తెలుసు.

ఎర్ర తువ్వాలు

ఊరి పేరు రాయను. ఎందుకో చదివితే మీకే అర్థమవుతుంది. ఆదివారం తెల్లారి పద్మజ నన్ను తీసుకెళ్ళింది. అప్పటికి ఒడ్డున అలివి వల లాగుతున్నారు. ఒక పడవ వలని సముద్రంలోకి తీసుకెళ్ళి అర్ధచంద్రంగా వేసి వస్తుంది. దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డు మీద రెండు జట్లు పట్టుకుని లాగుతాయి. గంటల తరబడి లాగాలి. దిబ్బ మీద గెడకి ఎర్ర తువ్వాలు కట్టి ఉంది. అది కనబడితే వల పడిందని గుర్తు. ఎవరినీ పిలవరు. చూసినవాళ్ళు వచ్చి తాడు పడతారు.

వల పెద్ద దానయ్య. అరవై ఉంటాయి, మాట తక్కువ. చేప ఒడ్డుకి పడ్డాక ఆయన వాటాలు వేసే తీరు చూసి నోరు తెరిచాను. పడవకీ వలకీ పోను మిగిలింది సమానంగా కుప్పలు పోశారు. దానయ్య కుప్పలకి వీపు పెట్టి సముద్రం వైపు తిరిగాడు. ఒకావిడ ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి, "ఇది ఎవరి పాలు?" అంటుంది. ఆయన చూడకుండా ఒక పేరు చెబుతాడు. మళ్ళీ చెయ్యి, మళ్ళీ పేరు. ఎవరికి పెద్ద కుప్ప వచ్చింది, ఎవరికి చిన్నది వచ్చింది అన్న గొడవే లేదు. తెల్లారకముందు నుంచి లాగినవాడికీ ఒక కుప్పే, ఆఖరి పది బారలకి వచ్చి తాడు మీద చెయ్యేసినవాడికీ ఒక కుప్పే.

ఆ తరవాత తువ్వాలు గెడని పీకి నూతి దగ్గర పాతారు. జనం అటు నడిచారు. బస్తాలు నింపేవాళ్ళు, మోసేవాళ్ళు, కర్రలు దిగ్గొట్టేవాళ్ళు. పని అయ్యాక ఉడికించిన ఉలవలు మోదుగాకుల మీద కుప్పలు పోసి, అదే పద్ధతిలో పంచారు. చంకలో బిడ్డ ఉంటే బిడ్డకీ అర కుప్ప.

నాకు అన్నం సహించలేదు. మోసం దొరకలేదు సరే, మెచ్చుకోవడానికి కూడా మనసు రాలేదు. పద్మజ పార పట్టుకుని అందరిలో ఒకత్తెగా ఉంది. దాన్ని ఎవరూ ప్రత్యేకంగా చూడటం లేదు, అది దానికి పట్టడం లేదు. నన్ను అలా చూడకపోతే నేను ఉండగలనా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచన అక్కడే తుంచేశాను.

హాజరు పుస్తకం

పద్మజకి సోమవారం క్లాసులున్నాయి. నన్ను పోలమ్మ ఇంట్లో దింపి వెళ్ళింది. పోలమ్మకి నలభై ఏళ్ళుంటాయి, రెండు బస్తాలు ఒకేసారి ఎత్తుతుంది. పొద్దున్నే నాకు చోడి అంబలి, అదే మన రాగి అంబలి, ఇచ్చింది, నంజుకోడానికి ఉల్లిపాయ, మిరపకాయ. తను మాత్రం వేయించిన నెత్తళ్ళ చేపలు పెట్టుకుంది. "కార్తీకమా తల్లీ మీకు? అయితే వాసన సూడు, పుణ్యం పోదు" అంది. మా అత్తగారికి ఒట్టేసి వెళ్ళినదాన్ని, వాసనతో సరిపెట్టుకున్నాను.

ఆ పొద్దున నా సంచీలోంచి పుస్తకం తీశాను. అలవాటు చావదు. గట్టు దగ్గర రాయి మీద కూర్చుని, పేర్లు అడిగి, ఎవరు ఎన్నింటికి వచ్చారో రాసుకున్నాను. అప్పుడు పట్టుకున్నాను మోసాన్ని. నూట యాభైమందిలో మొదటినుంచీ వంచిన నడుము ఎత్తనివాళ్ళు నలభైమందే. మిగతావాళ్ళు మధ్యలో వస్తారు, కాసేపు చేస్తారు. నూకమ్మ అనే ముసలావిడైతే అంతా అయ్యాక, ఎనిమిదింపావుకి వచ్చింది. రెండు దోసిళ్ళ ఇసక ఒక బస్తాలో పోసి, ఉలవల కుప్ప కొంగులో కట్టుకుని వెళ్ళిపోయింది.

నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. అంటే పద్మజ ఫోటోల్లో జనమంతా ఉలవల జనమన్నమాట. దీనికి నేనొక క్రమం నేర్పిస్తే పద్మజ చెయ్యలేనిది నేను చేసినట్టవుతుంది కదా. సాయంత్రం అందరూ వలలు అల్లుకునే పాక దగ్గర చేరినప్పుడు లేచి నిలబడ్డాను. మంచి మాటలు చెప్పాను. ముందొచ్చిన నలభైమంది పేర్లు చదివాను. ఎనిమిది దాటాక వచ్చినవాళ్ళ పేర్లు కూడా చదివాను, రేపు తొందరగా రావాలని నవ్వుతూ అన్నాను. పెట్టెలోని శాలువా తీసి ఉత్తమ సేవకురాలని పోలమ్మకి కప్పాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పోలమ్మ శాలువా కింద బిగుసుకుపోయి, "ఇదెందుకు తల్లీ" అని మెల్లగా అంది. మొహమాటం అనుకున్నాను.

మంగళవారం

తువ్వాలు కట్టారు. గాలికి బాగానే ఎగిరింది. ఆరయ్యింది, ఏడయ్యింది. నూతి దగ్గర నేను, దానయ్య, ఒక కుక్క.

పోలమ్మ ఇంట్లోనే ఉంది. గిన్నెలు తోముకుంటోంది. పనికి రావా అంటే, "నడుం నొప్పి" అంది, నా వైపు చూడకుండా.

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఖాళీ గట్టు చూసి మొదట నాకు లోపల చల్లబడింది. పద్మజకీ ఇలాంటి పొద్దు ఒకటి వచ్చింది, ఇక్కడా మనుషులు రాకుండా ఉంటారు అనుకున్నాను. ఆ చల్లదనం ఎంతోసేపు లేదు. గట్టు చూశాను. గెడ్డ వైపు ఆఖరి ముక్క ఇంకా కర్రలే పాతలేదు. పున్నమి గురువారం.

దానయ్య బీడీ వెలిగించుకుని పక్కన కూర్చున్నాడు.

"నాను తప్పు చేశానా దానయ్య గారూ" అన్నాను. రెండు రోజులకే నా నోటికి కూడా ఆ యాస అంటుకుంది.

"వలకాడ పేర్లుండవమ్మా. తాడు పట్టినోడు పట్టినాడు, అంతే. ఇంతాలిస్యం ఏటిరా అని ఒకడిని అడిగితే రేపు ఆడు రాడు. ఆడొక్కడే గదా అనుకుంటాం. అలగలగ తాడుకి మనుసులు సాలరు."

"మరి పోలమ్మ ఎందుకు రాలేదు? మెచ్చుకున్నాను కదా."

"సాలువా కప్పించుకున్నోల్లే గట్టు కట్టుకుంటారులే అని ఈదిలో అనీసినారు. అది తలెత్తుకుని ఎలగొస్తాది?"

కోప్పడితే బాగుండును. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. నేను కుడితిలో పడ్డ ఎలకలా అయిపోయాను. పద్మజకి ఫోన్ చేద్దామని తీసి, మళ్ళీ లోపల పెట్టేశాను.

ఎవరో పద్మజకి చెప్పేశారు. కాలేజీ అవగానే బస్సెక్కి సాయంత్రానికి వచ్చేసింది. నేను మాట్లాడేలోపే, "తప్పు నాదక్కా, మీకు ముందే చెప్పాల్సింది" అంది. "మొదట్లో నేనూ పుస్తకం పట్టుకునే వచ్చాను, మీ దగ్గర నేర్చుకున్నదే కదా. రెండు నెలలు ఎవరూ రాలేదు."

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. అది కొట్టాలని అనలేదు, అందుకని ఇంకా నొప్పి.

తాడు

బుధవారం వల పడింది. వల దగ్గరికి మాత్రం అందరూ వచ్చారు, అది తిండి. నేను వెళ్ళి అందరి ముందూ నిలబడి తప్పయిందని చెప్పాను. నూకమ్మ తాడు వదిలి నా దగ్గరికొచ్చింది.

"నా పేరు ఎలగ రాసినావు? సదువు."

వద్దన్నాను. చదవమంది. పుస్తకం తీసి చదివాను. నూకమ్మ, ఎనిమిదింపావు, పని అయిపోయాక వచ్చింది.

"నిజమే రాసినావు. మా ముసిలోడు మంచం మీదున్నాడు, మూడేల్లయింది. ఆడిని లేపి, కడిగి, గంజి పట్టించి, మల్లీ పడుకోబెట్టి వస్తాను. అదీ రాసినావేటి?"

లేదన్నాను.

"రాయి. రాసి సదువు."

అక్కడే ఇసకలో కూర్చుని రాశాను. చదివాను. నూకమ్మ తల ఊపి తాడు దగ్గరికి వెళ్ళిపోయింది. దానయ్య నా వైపు చూసి, "దచ్చినం తాడు పట్టమ్మా" అన్నాడు.

పట్టాను. తాడు అరచేతిలో చర్మం లేపేసింది. వెనక్కి వెనక్కి నడుస్తూ లాగాలి, చివరివాళ్ళు వదిలేసి ముందుకెళ్ళి మళ్ళీ పట్టుకోవాలి. రెండుసార్లు పడ్డాను. వెనక నుంచి ఎవరో నా నడుం పట్టి నిలబెట్టారు, ఎవరో చూడలేదు. చేప ఒడ్డున పడ్డాక కుప్పలు పోశారు. ఒక కుప్ప మీద చెయ్యి పడింది. "ఇది ఎవరి పాలు?" దానయ్య సముద్రం వైపు చూస్తూ, "తెనాలమ్మది" అన్నాడు.

నా వాటాకి వచ్చిన కవళ్ళ చేపల్ని పోలమ్మ చింతకాయ వేసి వండింది. తిన్నాను. కార్తీకం సంగతి మా అత్తగారు దీన్ని చదివితే తెలుస్తుంది, తెలియనివ్వండి.

తువ్వాలు నూతి దగ్గర పాతగానే జనం వచ్చారు, అంతా వచ్చారు. కాలేజీకి సెలవు పెట్టి పద్మజ ఉండిపోయింది. చీకటి పడేదాకా చేశాం. అయినా గెడ్డ వైపు పది బారలు మిగిలిపోయింది. మంగళవారం పని అది. సరిగ్గా ఒక రోజు పని.

పున్నమి

తెల్లారినప్పటినుంచీ బస్తాలు పడుతూనే ఉన్నాయి. తొమ్మిది ప్రాంతంలో పోటు తిరిగింది. గెడ్డలో నీళ్ళు ఆగి, కాసేపు ఎటూ కదలకుండా నిలబడి, తరవాత వెనక్కి నడవడం మొదలుపెట్టాయి. కట్టిన గట్టంతా ఆగింది. కట్టని పది బారల దగ్గర ఆ పొద్దున వేసిన బస్తాలు మూడు వరసలు. నీళ్ళు వాటి మీదినుంచి చప్పుడు లేకుండా దిగి, ఇసకలో పాకి, నూతిలోకి వెళ్ళాయి. మేమందరం నిలబడి చూశాం. చెయ్యగలిగింది లేదు.

పోటు తీశాక పోలమ్మ చేద వేసి తోడి, ఒక పుక్కిలి నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"ఉప్పు" అంది.

ఎవరూ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎవరూ కష్టపడలేదు కూడా. నూకమ్మ చేద తాడు అందుకుంటూ, "తోడి పారబోసుకుందాం. తోడగా తోడగా తీపి ఊరుతాది" అంది. కిందటేడు కన్నా తక్కువే పడిందని, ఇరవై రోజుల్లో తీపెక్కొచ్చని దానయ్య అన్నాడు. ఆ ఇరవై రోజులూ మూడు కిలోమీటర్ల అవతలి బోరింగే గతి.

ఆ సాయంత్రం వరకూ నేనూ తోడాను. శుక్రవారం పొద్దున నేను బయల్దేరుతుంటే ఆడవాళ్ళు బిందెలతో బారుగా ఊరు దాటుతున్నారు. పోలమ్మ తల మీద బిందె కింద చుట్టకుదురుగా నేను కప్పిన శాలువా ఉంది. బాగా మెత్తగా ఉందని చెప్పింది. ఎగతాళి కాదు, నిజంగానే చెప్పింది.

తెనాలి

తిరుగు బండిలో ఫోన్ చూస్తే గ్రూపులో పద్మజ పెట్టిన కబురుంది. "పున్నమి పోటుకి గట్టు ఒకచోట ఆగలేదు. ఒక రోజు పని వెనకబడ్డాం, లెక్క నేనే తప్పాను. సుధక్క మాతోపాటు తాడు లాగారు, నీళ్ళు తోడారు." అంతే. కింద మావాళ్ళ మాటలు వరసగా ఉన్నాయి. పద్ధతి లేకపోతే ఇంతేనని ఒకరు. జనం ఉంటే చాలదు, క్రమశిక్షణ కావాలని ఒకరు. అది సుధ గారి దగ్గరే నేర్చుకోవాలని ఇంకొకరు. దానికి నూట పది బొటనవేళ్ళు.

నేను దేనికోసం వెళ్ళానో అది అడక్కుండానే చేతికొచ్చింది. నోరు తెరవకపోతే చాలు.

ఆదివారం ఎన్నిక సభలో అధ్యక్షుడు గారు నా పేరే చెప్పారు. చేతులన్నీ లేచాయి. ఆ ముందు రోజు దాకా గుసగుసలాడినవాళ్ళవి కూడా. నేను లేచి, ఆ ఒక రోజు పని ఎందుకు వెనకబడిందో చెప్పాను. పెట్టెలో దాచిన శాలువా దగ్గర్నుంచి ఖాళీ గట్టు చూసి చల్లబడ్డం దాకా, మీకు చెప్పినట్టే చెప్పాను. చేతులు ఒక్కొక్కటే దిగాయి. మందుల షాపు రమణ గారిని కార్యదర్శిగా ఎన్నుకున్నారు. మంచివాడే, పుస్తకం వద్దన్నాడు.

ఇంటికొచ్చి పద్మజకి ఫోన్ చేశాను. "నా వల్లే అని ఎందుకు పెట్టలేదే?" అని అడిగాను.

"అది పెట్టి ఏం చేస్తారక్కా. నూతి నీళ్ళలో ఉప్పు కొంచెం తగ్గింది, చెబుదామనుకుంటున్నాను" అంది. నన్ను కాపాడాలని ఆలోచించి అన్న మాట కాదు. నా పేరు పెట్టాలన్న ఊహే దానికి రాలేదు.

జనాన్ని పోగుచెయ్యడం ఇంకో పద్నాలుగేళ్ళకైనా నేర్చుకుంటానేమో. ఇలా ఊహే రాకపోవడం మాత్రం నా వల్ల కాదు. అదే నా గట్టు పద్మజ చేతిలో చెడిపోయి ఉంటే, ఆ పొద్దున్నే గ్రూపులో పెట్టేదాన్ని, దాని పేరుతో సహా. ఆ సంగతి నాకు బాగా తెలుసు, అందుకే దాన్ని చూసి ఇంకా కుళ్ళుకుంటున్నాను.